తవ్వినవారూ, తవ్వించినవారూ
పోరుమామిళ్ళ చెరువు చెప్పే చరిత్ర

చిన్నప్పటి చరిత్ర పాఠాల్లోంచి మనందరికీ గుర్తుండిపోయిన వాక్యం ఒకటుంది. అశోకుడు బాటల కిరువైపులా చెట్లు నాటించెను, బావులు తవ్వించెను. ఆ తర్వాత వచ్చిన రాజులందరికీ మన పాఠ్యపుస్తకాలు అదే క్రియను అంటించాయి. కాకతీయులు చెరువులు తవ్వించారు, రాయలు కాలువలు తీయించాడు, కాటన్ దొర ఆనకట్ట కట్టించాడు. తవ్వడానికీ తవ్వించడానికీ తెలుగులో ఒక చిన్న ప్రత్యయమే తేడా. ఆ ప్రత్యయం చాటున ఎన్ని వేలమంది కనపడకుండా పోయారో వ్యాకరణం చెప్పదు. ఆ పని చరిత్రది.

చెరువుల గురించి ఇటీవల చాలా రాస్తున్నారు. ఊరంతా ఏకమై చెరువును కన్నబిడ్డలా చూసుకున్న స్వర్ణయుగం ఒకటుండేదనీ, ఆధునికత వచ్చి దాన్ని చెడగొట్టిందనీ కొందరంటున్నారు. పూడిక తీసి కట్ట గట్టిపరిస్తే పాతరోజులు తిరిగొస్తాయని ప్రభుత్వాలు అంటున్నాయి. మొదటిది చెరువు కింద ఉండిన కులాన్నీ, భూమినీ మరిచిపోతుంది. రెండోది చెరువంటే మట్టీ రాయీ మాత్రమే అనుకుంటుంది. ఒక చెరువు ఆరువందల ఏళ్ళు నిలిచిందంటే దాన్ని నిలిపిన సామాజిక సంబంధాలు ఏమిటి? అవి ఎప్పుడు, ఎవరి ప్రయోజనం కోసం తెగిపోయాయి? ఈ ప్రశ్నలకు జవాబు వెతకడానికి మన నేల మీదే ఒక మంచి ఆధారం ఉంది.

కడప జిల్లా బద్వేలు ప్రాంతంలో పోరుమామిళ్ళ అనే ఊరుంది. దాని దగ్గరి చెరువును అనంతరాజసాగరం అని కూడా పిలుస్తారు. మాలదేవి వాగు నీటిని ఆపడానికి సహజమైన గుట్టలను మధ్య మధ్య మట్టికట్టలతో కలిపి, కట్టల ముఖానికి రాయి పేర్చి దీన్ని నిర్మించారు. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఉదయగిరి కేంద్రంగా ఈ సీమను పాలిస్తున్న రోజుల్లో, 1369లో (శక సంవత్సరం 1291) కట్టించాడు. ఆయనకే భవదూరుడని మరో పేరు. ఈ సంగతులు చెప్పే సంస్కృత శాసనం ఊళ్ళోనే దొరికింది.

దానశాసనాలు మనకు వేలు ఉన్నాయి. వాటిలో చాలావరకు దాత వంశాన్ని పొగిడి, దానఫలాన్ని చెప్పి, దానాన్ని చెరిచినవాణ్ణి శపించి ముగుస్తాయి. పోరుమామిళ్ళ శాసనం వాటికంటే భిన్నమైనది. మంచి చెరువు ఎలా ఉండాలో, చెడ్డ చెరువు ఎందువల్ల చెడుతుందో లెక్కపెట్టి చెప్పింది. మన ప్రాంతపు నీటిపారుదల విజ్ఞానం ఇంత స్పష్టంగా రాతికెక్కిన సందర్భాలు అరుదు.

చెరువుకు పన్నెండు అంగాలు కావాలంటుంది శాసనం. ధర్మపరుడూ, ధనవంతుడూ, నిలిచే కీర్తిని కోరేవాడూ అయిన రాజు. జలశాస్త్రం తెలిసిన బ్రాహ్మణుడు. గట్టి బంకమట్టి నేల. మూడు యోజనాల దూరం నుంచి తియ్యని నీరు తెచ్చే ఏరు. ఆ ఏటిని ఒరుసుకునే కొండలు. కొండల నడుమ మరీ పొడవు కాని, రాతితో బిగించిన గట్టి కట్ట. కట్ట కొనలు రెండూ పంటభూమికి ఎడంగా ఉండడం. లోతూ విశాలతా ఉన్న చెరువు గర్భం. పొడవైన తిన్నని రాళ్ళు దొరికే గని. చుట్టూ చదునైన, సారవంతమైన పొలాలు. కొండల అమరిక వల్ల సుళ్ళు తిరుగుతూ వచ్చే ప్రవాహం. చివరగా, నిర్మాణంలో ఆరితేరిన పనివాళ్ళ బృందం.

ఆ తర్వాత ఆరు దోషాలు. కట్టలోంచి నీరు ఊరడం, చవిటినేల, రెండు రాజ్యాల పొలిమేరలో చెరువుండడం, గర్భం మధ్యలో తాబేటి వీపులాంటి మెరక, నీరు తక్కువై సాగునేల ఎక్కువ కావడం, నేల తక్కువై నీరు ఎక్కువ కావడం.

ఇందులో ఉన్నది మంత్రతంత్రాలు కావు. కొన్ని వందల చెరువులు కట్టి, కొన్ని తెగిపోగా చూసి, ఎందుకు తెగాయో ఆలోచించినవాళ్ళ అనుభవం. చివరి రెండు దోషాలను చూడండి. ఎంత నీరు వస్తుందో చూసుకుని అంతకు తగినంత నేలనే ఆయకట్టుగా పెట్టుకోవాలన్నది వాటి సారం. నీటిని మించి ఆయకట్టు పెంచితే చివరి మడులు ఎండుతాయి. తగాదాలు మొదలవుతాయి. పొలిమేర చెరువు దోషమని చెప్పడంలో మరో అనుభవముంది. కట్ట ఒకరి ఏలుబడిలోనూ, వాగు మరొకరి ఏలుబడిలోనూ ఉంటే మరమ్మతు ఎవరిదన్నది ఎప్పటికీ తేలదు. సాంకేతిక విజ్ఞానంతో పాటు పాలనకు సంబంధించిన విజ్ఞానం కూడా ఆ దోషాల పట్టికలో ఉంది.

అయితే ఈ విజ్ఞానం ఎవరిది? శాసనం వేసిన వరసలోనే ఆ కాలపు వర్గదృష్టి కనబడుతుంది. మొదటి స్థానం రాజుది, రెండోది శాస్త్రం తెలిసిన బ్రాహ్మణుడిది. మట్టి, ఏరు, కొండ, రాయి అన్నీ అయ్యాక పన్నెండో స్థానం పనివాళ్ళది. రాతిగని కంటే వెనక. అదే శాసనం మరొక వాస్తవాన్ని కూడా దాచకుండా చెప్పింది. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్ళు తోలడానికి వంద బళ్ళు, రెండేళ్ళ కాలం. నాగా లేకుండా పని జరిగిందనుకుంటే ఏడు లక్షల పైచిలుకు పనిదినాలు. రాజు పేరూ, ఆయన వంశమూ, బిరుదులూ రాతి మీద ఉన్నాయి. ఆ వెయ్యిమందిలో ఒక్కరి పేరు లేదు. ఆమాత్రం లెక్కైనా రాసిపెట్టిన శాసనాలు తక్కువ కాబట్టి దీన్ని విలువైనదిగా భావిస్తున్నాం. మన చరిత్ర రచనకు ఆధారాలు ఎంత ఒకవైపే ఉన్నాయో దీన్నిబట్టి ఊహించవచ్చు.

తెలుగునాట మట్టిపనికీ రాతిపనికీ తరతరాలుగా పేరుపడ్డవాళ్ళు ఒడ్డెలు. ఎక్కడ చెరువు తవ్వితే అక్కడ గుడిసెలు వేసుకుని, పని అయిపోగానే గాడిదల మీద సామాను వేసుకుని మరో ఊరికి పోయేవాళ్ళు. తవ్విన గుంతలో కొలత కోసం మట్టిదిబ్బ వదిలిపెట్టి, దాని ఎత్తును బట్టి ఎంత మట్టి తీశారో లెక్కకట్టే పద్ధతి వాళ్ళది. మట్టి ఎక్కడ వేస్తే నిలుస్తుందో, ఎక్కడ జారుతుందో వాళ్ళకు చేతివేళ్ళ మీద తెలుసు. జలశాస్త్రం తెలిసిన బ్రాహ్మణుడు శాసనంలో రెండోవాడుగా నిలిచాడు. జలశాస్త్రాన్ని చేతుల్లో మోసిన జాతి ఊరి పొలిమేరలోనే ఉండిపోయింది. బ్రిటిష్ ప్రభుత్వం ఈ సంచార జీవితాన్నే అనుమానించి, 1911 నేరస్థ జాతుల చట్టం కింద చేర్చిన సమూహాల్లో కొందరు ఒడ్డెలను కూడా కలిపింది. ఊళ్ళకు చెరువులిచ్చినవాళ్ళు పోలీసు రిజిస్టర్లలో వేలిముద్రలుగా మిగిలారు.

జనం జ్ఞాపకం మాత్రం రాజుల శాసనాల దారిలో నడవలేదు. అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం చెరువు గురించిన కథ అందరికీ తెలిసిందే. కట్ట తెగే స్థితి వచ్చినప్పుడు బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మ బలి అయితేనే నీరు ఆగుతుందని ఆకాశవాణి పలికింది. ఆమె గండిలోకి నడిచిపోయింది. స్థానిక చరిత్రలో దొరికిన ఈ కథనే కట్టమంచి రామలింగారెడ్డి 'ముసలమ్మ మరణం'గా రాశారు. ఆధునిక తెలుగు కవిత్వం తొలి అడుగుల్లో ఒకటిగా విమర్శకులు చెప్పుకునే ఆ కావ్యం చెరువు కట్ట మీద పుట్టిందన్న సంగతి యాదృచ్ఛికం అనుకోనవసరం లేదు. రాజులకు చెరువు సప్తసంతానాల్లో ఒకటి. కొడుకూ, కావ్యమూ, గుడీ, అగ్రహారమూ వంటిదే, పేరు నిలిపేది. అదే చెరువు కట్ట నిలవాలంటే ఒక ఆడపిల్ల ప్రాణం పోవాలని జనం చెప్పుకున్నారు. ఆ కథలో త్యాగాన్ని మాత్రమే చూసి కన్నీరు పెట్టుకునే పాఠకుడు, బలికి కోడలే ఎందుకు ఎంపికైందన్న ప్రశ్న దగ్గర ఆగడు. ఆగాలి.

రాజులు చెరువులు ఎందుకు కట్టించారు? పుణ్యం కోసమని శాసనాలు అంటాయి. శిస్తు కోసమని భూమి అంటుంది. మెట్టభూమి మాగాణి అయితే పంట పెరుగుతుంది, రాజుకు వచ్చే మిగులు పెరుగుతుంది. నదీతీరాలు దాటి మెట్ట ప్రాంతాల్లోకి కాకతీయ రాజ్యం విస్తరించింది చెరువుల మీదుగానే. పాకాల, రామప్ప వంటివి సేనానులూ మంత్రివంశాలవాళ్ళూ కట్టించినవి. విజయనగర కాలంలో తిరుమల దేవస్థానం దాతలిచ్చిన సొమ్ముతో దేవుడి గ్రామాల్లో చెరువులూ కాలువలూ బాగుచేయించేది. దానివల్ల పెరిగిన పంటలోంచి దాత పేరిట నైవేద్యం జరిగేది. నైవేద్యం వెనక నీటిపారుదల పెట్టుబడి ఉంది.

ఆసియా దేశాల్లో నీటిపారుదల కేంద్ర ప్రభుత్వం పూనుకోవలసిన పని అయిందనీ, బ్రిటిష్‌వాళ్ళు ఆర్థిక, యుద్ధ శాఖలను పాత ప్రభువుల నుంచి తీసుకుని ప్రజాపనుల శాఖను మాత్రం వదిలేశారనీ మార్క్స్ 1853లో రాశాడు. రెండో మాట అక్షరాలా నిజం. మొదటి మాటను మన చెరువుల చరిత్ర కొంత సవరిస్తుంది. ఇక్కడ చక్రవర్తి ఒక్కడే కట్టించినవి తక్కువ. సామంతులు, గుళ్ళు, వర్తకులు, ఊరి పెద్దలు కట్టించినవే ఎక్కువ. వాటిని నిలబెట్టే ఏర్పాటు కూడా ఊరి స్థాయిలోనే ఉండేది. రాయలసీమలో చెరువు కట్టినవారికీ, మరమ్మతు చూసేవారికీ దశబంధం కింద మాన్యం ఇచ్చేవారు. చెరువు బాగున్నంతకాలం మాన్యం. చెరువు చెడితే మాన్యానికి అర్థం లేదు.

ఈ ఏర్పాటులో అందరికంటే ముఖ్యమైనవాడు నీరుగంటి. తెలంగాణలో నీరడి అంటారు. తూము ఎప్పుడు తెరవాలో, ఏ కాలువకు ఎన్ని గడియలు వదలాలో, కరువు ఏడాదిలో ఎవరి మడిని తడపాలో, ఎవరిది ఎండబెట్టాలో చెప్పేవాడు. వాన రాత్రుల్లో కట్ట మీద తిరిగేవాడు. ఎండ్రకాయ బొరియల్లోంచి నీరు ఊరుతుంటే కనిపెట్టి పూడ్చేవాడు. మరవ పారుతుంటే ఊరిని లేపేవాడు. దీనికి ప్రతిఫలంగా కల్లంలో రైతులు కొలిచే మేర గింజలు. చాలా ఊళ్ళల్లో నీరుగంటి మాలో మాదిగో. ఆయకట్టులో భూమిలేనివాడైతే పక్షపాతం చూపడని ఊరి పెద్దలు దాన్ని సమర్థించుకునేవారు. ఊరందరి పొలాలకూ నీళ్ళు పంచే మనిషికి సెంటు భూమి లేకపోవడం వాళ్ళ దృష్టిలో అర్హత అయింది. అదే మనిషి ఊరిబావిలో చేద వేస్తే అపచారం అయ్యేది. స్వర్ణయుగం గురించి మాట్లాడేవాళ్ళు ఈ రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టి చదవాలి.

చెరువు ఉపయోగాలన్నా అంతే. వరి ఒక్కటే చెరువు పంట కాదు. కుమ్మరికి బంకమన్ను, చాకలికి రేవు, బెస్తకు చేప, గొల్లకు గొర్రెల దాహం, మాదిగకు తోళ్ళు నానబెట్టే మూల, ఎండాకాలంలో నీరు వెనక్కి పోయిన నేలలో దోస పాదులు, రైతుకు పొలానికి తోలుకునే ఒండ్రుమట్టి. ఆ మట్టి తోలకమే ఖర్చులేని పూడికతీత. ఏటా బళ్ళు చెరువులోకి దిగినంతకాలం గర్భం లోతు తగ్గలేదు. ఇన్ని కులాల బతుకు చెరువు చుట్టూ ఉంది నిజమే. ఆ బతుకుల్లో హెచ్చుతగ్గులు కూడా చెరువు చుట్టూనే ఉన్నాయి. తూము పక్కనున్న తొలిమడులు ఎవరివి, చివరి మడులు ఎవరివి అని అడిగితే ఏ ఊళ్ళోనైనా కులాల పటం కళ్ళకు కడుతుంది. 1927లో అంబేద్కర్ మహద్‌లో చవదార్ చెరువు నీళ్ళు దోసిట్లోకి తీసుకోవడం ఒక ఉద్యమమైంది. 1985 జులైలో కారంచేడులో దళితులు తాగే చెరువు నీటిని అగ్రకుల యువకులు పాడుచేస్తుంటే అడ్డుచెప్పిన చోట మొదలైంది ఆరుగురు మాదిగల హత్య. చెరువు ఊరుమ్మడి ఆస్తి అనే మాట చాలాకాలం సగం ఊరికే వర్తించింది.

ఎంత అసమానమైనదైనా ఆ ఏర్పాటులో ఒక లంకె ఉంది. చెరువు మీద బతికే ప్రతివాడికీ చెరువు పని ఉంది, పనికి తగ్గో తగ్గకో ఏదో ఒక హక్కు ఉంది. వలసపాలన ఆ లంకెను తెంచింది. అసమానతను మాత్రం అలాగే ఉంచింది.

1800లో నిజాం కడప, బళ్ళారి సీమలను కంపెనీకి అప్పగించాడు. దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా థామస్ మన్రో 1807 వరకూ శిస్తు ఏర్పాట్లు చేశాడు. రైత్వారీలో సర్కారుకు ఎదురుగా నిలిచేది ఒక్కొక్క రైతు. ఊరు అనే ఉమ్మడి బాధ్యత కాగితాల్లోంచి జారిపోయింది. మాగాణికి మెట్ట కంటే ఎంతో హెచ్చు శిస్తు వసూలైంది. ఆ హెచ్చు శిస్తు చెరువు పుణ్యమే అయినా, అందులోంచి చెరువుకు తిరిగొచ్చింది స్వల్పం. 1858లో మద్రాసులో ఇనాం కమిషన్ పని మొదలైంది. చాలా సేవా ఇనాములు క్విట్‌రెంటు మీద సొంత ఆస్తులుగా మారాయి. సేవ పోయింది, భూమి మిగిలింది. అదే 1858లో మద్రాసు నిర్బంధ శ్రమ చట్టం వచ్చింది. కట్ట తెగే ప్రమాదం వస్తే ఊరివాళ్ళు పనిలోకి దిగి తీరాలి. కుడిమరామతు ఆచారం ఉన్నచోట తన వంతు పని ఎగవేసినవాడి నుంచి దాని విలువకు రెట్టింపు వసూలు చేయవచ్చు. చెరువు ఆదాయం సర్కారుది, చెరువు చాకిరీ ఆచారం పేరిట ఊరిది. ఆచారానికి ఇంత గౌరవం ఇచ్చిన ప్రభుత్వం, ఆ ఆచారాన్ని పోషించిన మాన్యాలకు ఆ గౌరవం ఇవ్వలేదు.

ఫలితం 1876-78 నాటి మహాక్షామంలో కనబడింది. మన పెద్దలు ధాత కరువని చెప్పుకున్నది అదే. రాయలసీమ జిల్లాలు దాని దెబ్బకు శ్మశానాలయ్యాయి. వాన రాకపోవడం ప్రకృతి చేసిన పని. వచ్చిన వానను పట్టుకునే చెరువులు మరమ్మతు లేకుండా పడి ఉండడం పాలన చేసిన పని. అంత ప్రాణనష్టం తర్వాత 1883లో చెరువుల పునరుద్ధరణ పథకం మొదలైంది. సర్వేలూ పటాలూ తయారయ్యాయి. చెరువు ఇంజనీరు ఫైలుగా మారింది. నీరుగంటికి ఆ ఫైలులో స్థానం లేదు.

స్వాతంత్ర్యం తర్వాత ఈ వారసత్వం మారలేదు. 1955లో నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. ప్రణాళికల డబ్బూ, ఇంజనీర్ల గౌరవమూ పెద్ద ప్రాజెక్టుల వైపు పోయాయి. చెరువుకు 'చిన్నతరహా' అని పేరు వచ్చింది. వంద ఎకరాల లోపు ఆయకట్టున్నది పంచాయతీరాజ్‌కు, పైబడినది నీటిపారుదల శాఖకు అని పంచారు. పై చెరువు మరవ నీళ్ళతో కింది చెరువు నిండే గొలుసుకట్టులో ఒక చెరువు ఒక శాఖది, రెండోది మరో శాఖది. పోరుమామిళ్ళ శాసనం ఆరువందల ఏళ్ళ కిందట చెప్పిన మూడో దోషం, రెండు రాజ్యాల పొలిమేర, సచివాలయంలో పునర్జన్మ ఎత్తింది.

తర్వాత కరెంటు మోటార్లూ, బోర్లూ వచ్చాయి. చెరువు క్షీణతలో దీని పాత్ర గురించి మాట్లాడేటప్పుడు భూగర్భజలం లెక్కలతో ఆగిపోతుంటాం. అసలు మార్పు వర్గసంబంధాల్లో వచ్చింది. అంతవరకూ మోతుబరికి కూడా చెరువు నిండాలి. తన స్వార్థం కోసమైనా కట్ట పని చేయించేవాడు, తూము బాగుచేయించేవాడు. సొంత బోరు పడ్డాక అతనికి చెరువు అక్కర తీరిపోయింది. ఎండిన చెరువు గర్భం ఆక్రమించుకోదగిన భూమిగా కనిపించింది. చెరువు మీదే ఆధారపడినవాళ్ళు బోరు వేయలేని చిన్నరైతులు, బెస్తలు, చాకళ్ళు, గొర్రెలకాపర్లు. వాళ్ళ మాటకు ఊళ్ళో బలం లేదు. చెరువుకూ బలం లేకుండా పోయింది.

1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నీటి సంఘాల చట్టం తెచ్చింది. రైతులే నిర్వహించుకోవాలన్న మాట వినసొంపుగా ఉంది. కాని ఓటు ఆయకట్టు భూమి ఉన్నవాళ్ళకే. మిగతా నీటి వాడకందారులు సభ్యులుగా ఉండవచ్చు, ఓటు లేదు. బెస్త, చాకలి, కుమ్మరి, కూలి మళ్ళీ పన్నెండో స్థానానికే చేరారు. 2015లో తెలంగాణలో 46,531 చెరువుల లెక్కతో మిషన్ కాకతీయ, ఆంధ్రప్రదేశ్‌లో నీరు-చెట్టు మొదలయ్యాయి. దశాబ్దాల నిర్లక్ష్యం తర్వాత చెరువును గుర్తుచేసుకోవడం మంచిదే. పూడిక తీసిన చోట్ల నీరు నిలిచింది, ఒండ్రుమట్టి పొలాలకు చేరింది. దాన్ని కాదనడం న్యాయం కాదు. అయితే యంత్రం వచ్చి పోతుంది, కాంట్రాక్టరు బిల్లు తీసుకుని పోతాడు. మరుసటి వానాకాలం రాత్రి కట్ట మీద నడిచేదెవరు? అతనికి కల్లంలో మేర కొలిచేదెవరు? ఆ ప్రశ్నకు అంచనా పట్టికలో గడి లేదు.

పోరుమామిళ్ళ చెరువుకు 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ వారసత్వ కట్టడంగా గుర్తింపు ఇచ్చింది. సంతోషమే. వారసత్వం అన్నాక వారసులు ఉండాలి కదా. భాస్కర భవదూరుడి వంశం ఎప్పుడో అంతరించింది. రోజుకు వెయ్యిమంది చొప్పున మట్టి మోసినవాళ్ళ వంశాలు అంతరించలేదు. వాళ్ళు ఈనాడు రాతిగనుల్లో, ఉపాధిహామీ పనుల్లో, పట్నాల అపార్ట్‌మెంట్ల పునాదుల్లో తవ్వుతూనే ఉన్నారు. చెరువు మీద వాళ్ళకు ఓటు లేదు, ఆయకట్టులో భూమి లేదు, రాతి మీద పేరు లేదు.

పాత నీరుగంటి వ్యవస్థను ఉన్నదున్నట్టు తిరిగి తెమ్మని ఎవరూ అడగరు. వెట్టినీ కులాన్నీ మోసుకొచ్చే ఆచారం మనకొద్దు. ఆ వ్యవస్థలోంచి నేర్చుకోవలసింది ఒక్కటే. చెరువును కాపలా కాసేవాడికి చెరువు ఫలంలో హక్కుంటేనే చెరువు నిలుస్తుంది. ఆ హక్కు దయాధర్మంగా కాక వాటాగా, భూమిగా, ఓటుగా ఉండాలి. శాసనకర్త పన్నెండో అంగాన్ని చివర్న పెట్టినా, అది లేకుండా మిగతా పదకొండూ చెరువు కావని ఒప్పుకున్నాడు. ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వాలు ఆమాత్రం కూడా ఒప్పుకోలేదు. చెరువుల చరిత్రను మనం చివరి అంగం నుంచి మొదలుపెట్టి తిరగరాసుకోవాలి.